రోలర్ ఎక్కితే ఎగిరే చక్రం, తెల్లారేసరికి దిగే గాలి

ప్రశ్న: నమస్కారమండీ. మాది విజయవాడ. ఈ చలికాలంలో 200 కిలోమీటర్ల బీఆర్ఎం (గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ రైడ్) పూర్తి చేయాలని ప్రాక్టీస్ మొదలుపెట్టాను. ఎండలకు తట్టుకోలేక ఏప్రిల్ నుంచి ఇంట్లోనే రోలర్ల మీద, అంటే చక్రాల కింద తిరిగే డ్రమ్ముల మీద, తొక్కుతున్నాను. ఎనిమిది నెలల కిందట షాపువాళ్లు నా సైకిల్‌కి 28 మిల్లీమీటర్ల టైర్లు వేసి, ట్యూబ్ తీసేసి, చిల్లులను మూసే సీలెంట్ ద్రవం పోసి ట్యూబ్‌లెస్ చేసి ఇచ్చారు. బయట తొక్కినప్పుడు ఒక్కసారి కూడా ఇబ్బంది రాలేదు. రోలర్ ఎక్కాకే అన్నీ మొదలయ్యాయి. వేగం పాతిక దాటగానే వెనక చక్రం దబదబా కొడుతుంది, సీటు మీద నన్ను ఎగరేస్తుంది. రాత్రి 75 పీఎస్ఐ కొడితే తెల్లారేసరికి వెనక టైరు 40కి దిగుతోంది. ముందు టైరు బాగానే ఉంటోంది. వెనక డ్రమ్ముల మీద తెల్లటి చారలు, నేల మీద తెల్ల చుక్కలు పడుతున్నాయి. ముప్పావుగంట తొక్కాక టైరు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. షాపులో అడిగితే ఇంకొంచెం సీలెంట్ పోయించుకోమన్నారు. మా వీధి మెకానిక్ 'ట్యూబ్ వేసెయ్యండి సార్, గొడవ వదిలిపోద్ది' అంటున్నాడు. ఎవరి మాట వినాలి? రోలర్ వల్ల టైర్లు పాడవుతున్నాయా?

సమాధానం: మీ మెకానిక్ మాటలో సగం నిజముంది, దాని దగ్గరికి తర్వాత వద్దాం. షాపువాళ్లు పోయించుకోమన్న సీలెంట్ మాత్రం ఇప్పుడే పోయించకండి. ఈ రెండిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది మీరు రాసిన ఆ 75 సంగతి.

మీ రిమ్ము హుక్ ఉన్నదా, లేనిదా? పాత పద్ధతి రిమ్ముకు లోపలి అంచు కొద్దిగా వంపు తిరిగి టైరు బీడును, అంటే రిమ్ములో కూర్చునే టైరు అంచును, పట్టుకుంటుంది. ఈ మధ్య వస్తున్న చాలా కార్బన్ రిమ్ములకు, కొన్ని అల్యూమినియం రిమ్ములకు కూడా, ఆ వంపు ఉండదు. అంచు నిటారుగా ఉంటుంది. వీటినే హుక్‌లెస్ అంటారు. రోడ్డు సైకిల్‌కి హుక్‌లెస్ రిమ్ము ఉంటే గాలి 5 బార్లు, అంటే 72.5 పీఎస్ఐ దాటకూడదని అంతర్జాతీయ ప్రమాణాలు హద్దు పెట్టాయి. టైరు మీద ఇంకా తక్కువ రాసి ఉంటే ఆ తక్కువదే లెక్క. మీది హుక్‌లెస్ అయితే ఇన్నాళ్లూ మీరు హద్దు దాటే కొడుతున్నారన్నమాట. రిమ్ము మీద స్టిక్కరు చూడండి. టీఎస్ఎస్ అని ఉంటే హుక్ లేనిది, టీసీ అని ఉంటే ఉన్నది. ఏమీ రాసి లేకపోతే టైరు విప్పినప్పుడు రిమ్ము లోపలి అంచు వెంట గోరు పెట్టి లాగండి. వంపు ఉంటే గోటికి తగులుతుంది. హుక్‌లెస్ అని తేలితే టైరు కూడా హుక్‌లెస్‌కి పనికొచ్చేదేనా అని కంపెనీ వివరాల్లో చూసుకోవాలి. ట్యూబ్‌లెస్ టైర్లలో కొన్ని దానికి పనికిరావు.

ఇంట్లో తొక్కేవాళ్లకు దీని మీద ఇంకో లెక్క ఉంది. రోలర్ మీద టైరు వేడెక్కుతుంది, వేడెక్కితే లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది. 70 పీఎస్ఐ కొట్టిన టైరులో గాలి 30 డిగ్రీల నుంచి 50కి వెళ్లిందనుకుందాం. ఒత్తిడి ఐదారు పీఎస్ఐ పెరుగుతుంది. అంటే పంపు దగ్గర హద్దుకు ఆనించి నింపితే ముప్పావుగంటలో అది హద్దు దాటేస్తుంది. పైగా మన పంపుల మీద ముల్లు చూపించేదంతా నిజమని నమ్మడానికి లేదు. బీడు రిమ్ము నుంచి జారిందంటే గది దద్దరిల్లే మోత వస్తుంది, గోడల నిండా సీలెంటే. ఆ క్షణంలో మీరు రోలర్ మీద బ్యాలెన్స్ చేస్తూ ఉంటారు. కాబట్టి హుక్‌లెస్ అయితే 65 దగ్గర ఆపేయండి. హుక్ ఉన్నదే అయితే 75కి భయం లేదు, టైరు మీద, రిమ్ము మీద రాసిన హద్దు లోపల ఉంటే చాలు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. రోలర్ టైరును పాడు చేస్తోందా? కొంచెం అరగదీస్తుంది, అంతే. అది చేసే పెద్ద పని టైరులో అప్పటికే ఉన్న లోపాన్ని బయటపెట్టడం. రోడ్డు మీద గతుకులు, గాలి హోరు, ట్రాఫిక్ మధ్య చక్రం చిన్నగా ఎగిరినా మీకు తెలియదు. నున్నటి డ్రమ్ము మీద అదొక్కటే తెలుస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. రోడ్డు చదును, డ్రమ్ము సన్నం. రోడ్డు మీద టైరు కొద్దిగా అణిగి లేస్తుంది. డ్రమ్ము మీద ఆ ఒక్క చోట లోపలికి గట్టిగా వంగుతుంది. వెనక చక్రం రెండు డ్రమ్ముల మధ్య కూర్చుంటుంది కాబట్టి ఒక్కో చుట్టుకు రెండేసి సార్లు వంగుతుంది. 28 టైరు చక్రం ఒక చుట్టుకు రమారమి 2.13 మీటర్లు పోతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గంటసేపు తొక్కితే 14 వేల చుట్లు, వెనక టైరులో ప్రతి చోటా 28 వేల వంపులు. రోడ్డు మీద బుద్ధిగా మూసుకుపోయిన పంక్చర్ ఇక్కడ మళ్లీ నోరు తెరవడంలో వింత లేదు.

మీకు అదే జరిగిందని నా అనుమానం. ఎందుకంటే తెల్ల చారలు డ్రమ్ముల మీద పడుతున్నాయని రాశారు. డ్రమ్ముకు తగిలేది ట్రెడ్డు, అంటే టైరు నేలకు ఆనే భాగం, ఒక్కటే. సైడ్‌వాల్ అనే టైరు పక్క భాగం నుంచో, గాలి కొట్టే వాల్వ్ దగ్గరి నుంచో కారితే రిమ్ము తడుస్తుంది, స్పోకులు తడుస్తాయి, నేల మీద చుక్కలు పడతాయి, కానీ డ్రమ్ము మీద చార గీసినట్టు రాదు. అంటే ట్రెడ్డులో ఎక్కడో చిల్లు ఉంది. బయట ఒక్కసారి కూడా ఇబ్బంది రాలేదంటున్నారు కదా, బహుశా ముల్లు దిగింది, సీలెంట్ మూసేసింది, మీకు తెలియలేదు. ట్యూబ్‌లెస్ గొప్పా అదే, దాంతో వచ్చే తలనొప్పీ అదే.

దబదబ సంగతి చూద్దాం. ముందు అది చక్రానిదా, డ్రమ్ముదా తేలాలి. 30 వేగంలో చక్రం సెకనుకు నాలుగు సార్లు తిరుగుతుంది. నాలుగున్నర అంగుళాల డ్రమ్ము అదే వేగంలో సెకనుకు ఇరవై పైనే తిరుగుతుంది. లోపం డ్రమ్ములో ఉంటే విడివిడి దెబ్బలుగా వినిపించదు, జివ్వుమని ఒకటే మోత వస్తుంది. మీకు దెబ్బలు విడిగా తెలుస్తున్నాయి, వెనక చక్రం అని కూడా పట్టేశారు. కాబట్టి డ్రమ్మును వదిలేయండి. ఒక్కటి మాత్రం చూడండి. కారిన సీలెంట్ డ్రమ్ము మీదే ఎండి చిన్న గడ్డ కట్టి ఉంటే అది కూడా టపటపమంటుంది. గోటితో గీకితే వచ్చేస్తుంది.

సైకిల్ తలకిందులు చేసి, చైన్ వెనక పళ్ల మీద నుంచి తప్పించి పక్కకు వేలాడేయండి. చైన్‌స్టేకు (పెడల్స్ దగ్గరి నుంచి వెనక చక్రం ఇరుసుకు వెళ్లే ఫ్రేము గొట్టానికి) ఒక ప్లాస్టిక్ జిప్ టై కట్టి దాని కొన ట్రెడ్డుకు ఒక్క మిల్లీమీటరు ఎడంలో ఉండేలా కత్తిరించండి. చక్రం మెల్లగా తిప్పుతూ ఆ సందు మీద కన్నేసి ఉంచండి. ఒకచోట సందు పెరిగి, ఇంకోచోట ట్రెడ్డు జిప్ టైకి రాసుకుంటే టైరు గుండ్రంగా లేదు. అప్పుడు దృష్టి సైడ్‌వాల్ కిందికి దించండి. రిమ్ముకు కాస్త పైన టైరు చుట్టూ ఒక సన్నటి గీత అచ్చులోనే వచ్చి ఉంటుంది. అది రిమ్ము నుంచి చుట్టూ ఒకే ఎత్తులో కనిపించాలి. ఎక్కడైనా కిందికి మునిగి ఉంటే అక్కడ బీడు సరిగా కూర్చోలేదు. గాలి మొత్తం తీసేసి, ఆ చోట రెండు పక్కలా సబ్బు నీళ్లు రాసి, బొటనవేళ్లతో నొక్కి వదులు చేసి, మళ్లీ గాలి కొట్టండి. టప్‌మని శబ్దం వచ్చి గీత పైకి వస్తుంది. రాకపోతే ఇంకా ఇంకా కొట్టేయకండి, హద్దు హద్దే. మళ్లీ గాలి తీసి మళ్లీ సబ్బు రాయాలి, అంతే. వాల్వ్ కోర్, అంటే వాల్వ్ లోపల గాలిని ఆపే చిన్న భాగం, తీసేసి కొడితే గాలి ఒక్కసారిగా దూసుకెళ్లి బీడు తేలిగ్గా కూర్చుంటుంది.

పంక్చర్ షాపు కంప్రెసర్ జోలికి మాత్రం జాగ్రత్తగా వెళ్లండి. స్కూటర్ టైరుకు కొట్టిన అలవాటులో కుర్రాడు మీట నొక్కి పట్టుకున్నాడంటే, సన్నటి సైకిల్ టైరు కళ్లు మూసి తెరిచేలోగా 100 దాటేస్తుంది.

గీత చుట్టూ సమంగానే ఉండి ట్రెడ్డు ఒకచోట ఉబ్బి ఉంటే కథ వేరు. టైరు లోపలి దారాలు తెగాయి. దానికి ప్యాచీ లేదు, సీలెంటూ లేదు, ఆ టైరు తీసి పారేయడమే. బయట తొక్కినా, ఇంట్లో తొక్కినా అది పేలే టైరే. ఇక టైరు కాకుండా రిమ్మే పైకీ కిందికీ ఊగుతుంటే మీ మెకానిక్ స్పోకులు బిగించి బెండు తీసేస్తాడు, అది అతని చేతిలో పనే.

సందు చుట్టూ ఒకేలా ఉందా? అయితే లోపల బరువు ఒక పక్కకు చేరింది. చక్రాన్ని వదిలేయండి, ఊగి ఊగి ఒకచోట ఆగుతుంది. కింద ఆగిన చోట సుద్దతో గుర్తు పెట్టండి. పావు చుట్టు తిప్పి మళ్లీ వదలండి. ప్రతిసారీ అదే గుర్తు కిందికి వస్తోందంటే అక్కడ గట్టి ముద్ద ఉంది. వాల్వ్ కిందికి వచ్చి ఆగితే కంగారు పడకండి, వాల్వ్‌కీ కొంత బరువు ఉంటుంది. తడి సీలెంట్ అయితే ఎటు తిప్పితే అటు జారుతుంది కాబట్టి ఒకే చోట నిలకడగా చూపించదు. తొక్కేటప్పుడు కూడా తేడా తెలుస్తుంది. రాత్రంతా కింద చేరిన తడి సీలెంట్ వల్ల వచ్చే కుదుపు ఒకటి రెండు నిమిషాలు తొక్కేసరికి చుట్టూ పరుచుకుని పోతుంది. ఎండిన ముద్ద వల్ల వచ్చేది పోదు, వేగం పెరిగే కొద్దీ పెరుగుతుంది.

సైకిల్‌ని రోజుల తరబడి ఒకే పొజిషన్‌లో నిలబెట్టి ఉంచితే, ముఖ్యంగా ఎండ తగిలే బాల్కనీలో, సీలెంట్ అడుక్కి చేరి అక్కడే గడ్డ కడుతుంది. దిగిన ముల్లు మొన చుట్టూ కూడా పొర మీద పొర చేరి ముద్ద అవుతుంది. మీ దబదబకీ, మీ చిల్లుకీ ఒకే ముల్లు కారణమైనా నేను ఆశ్చర్యపోను.

ఇప్పుడు గాలి. ట్యూబ్‌లెస్ టైరు రోజుకు రెండు మూడు పీఎస్ఐ దిగడం మామూలే. రాత్రికి రాత్రే 35 దిగడం మామూలు కాదు. చిల్లు ట్రెడ్డులో ఉందని నేను అనుకుంటున్నాను కానీ, అనుకోవడం వేరు, చూడటం వేరు. గిన్నెలో సబ్బు నురుగు కలిపి పాత టూత్‌బ్రష్‌తో రాసుకుంటూ వెళ్లండి. పంక్చర్ షాపు తొట్టిలో చక్రం ముంచకండి. స్పోకు రంధ్రాల్లోంచి రిమ్ము లోపలికి నీళ్లు పోతే తీయడం ఇంకో పని.

మొదట వాల్వ్ కొన మీద ఒక చుక్క వేయండి. బుడగ ఊదితే కోర్ వదులైంది, లేదా దాంట్లో సీలెంట్ ఎండి ఇరుక్కుంది. వాల్వ్‌ను పైకి తిప్పి, గాలి తీసి, కోర్ విప్పి శుభ్రం చేయండి. కొత్త కోర్ ఖరీదు కూడా తక్కువే, రెండు కొని ఉంచుకోండి. తర్వాత వాల్వ్ మొదట్లో, రిమ్ములోకి దిగే చోట రాయండి. ఆ తర్వాత ఒక్కో స్పోకు నిపుల్ (స్పోకును రిమ్ముకు బిగించే చిన్న నట్టు) దగ్గర. ఇది ఓపికతో చేయాల్సిన పని. నిపుల్ పక్కన ఆవగింజంత బుడగ పుట్టి, మెల్లగా పెరిగి, పగిలి, మళ్లీ అక్కడే పుడుతుంటే స్పోకు రంధ్రాలను మూసే రిమ్ము టేపు కిందికి గాలి దూరిందన్నమాట. చిల్లు ఆ నిపుల్ దగ్గరే ఉందనుకోకండి. టేపు ఎక్కడ లేచినా గాలి రిమ్ము బొంగులోకి చేరి ఏ రంధ్రం దొరికితే అక్కణ్నుంచి బయటికి వస్తుంది. వాల్వ్ మొదట్లో మాత్రమే వస్తుంటే ముందు దాని నట్టు చేత్తో బిగించి చూడండి. ప్లయర్‌తో బిగిస్తే రబ్బరు నలిగి ఇంకా కారుతుంది, పైగా దారిలో పంక్చర్ అయినప్పుడు ఆ నట్టు విప్పలేక ఏడవాలి.

టేపే దోషి అయితే అతుకులు పని చేయవు. పాతది పూర్తిగా పీకేసి, రిమ్మును స్పిరిట్‌తో తుడిచి ఆరనిచ్చి, రిమ్ము లోపలి వెడల్పు కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువున్న టేపు గట్టిగా లాగుతూ వేయాలి. చివర ఒక జానెడు ఒకదాని మీద ఒకటి రావాలి. వాల్వ్ రంధ్రం కత్తితో కోయకుండా కాల్చిన సూదితో పొడిస్తే అంచు చిరగదు.

సబ్బుకు దొరకని సన్నటి చిల్లుకు ఇంకో ఉపాయం ఉంది. సీలెంట్ కిందనే ఉంటుంది కదా. రాత్రి చిల్లు పైన ఉంటే దానికి సీలెంట్ అందదు, గాలి దిగుతుంది. కింద ఉంటే మునిగి ఉంటుంది, దిగదు. ఒక రాత్రి వాల్వ్ పైకి పెట్టి, ఇంకో రాత్రి కిందికి పెట్టి, పొద్దున్నే గాలి చూడండి. బాగా తేడా వస్తే చిల్లు ఏ సగంలో ఉందో తెలిసిపోతుంది. ఇక ఆ సగం మీదే వెతుక్కోవచ్చు.

చిల్లు దొరికితే టైరు విప్పడమే మంచిదని నా అభిప్రాయం. రోడ్డుకైతే బయటి నుంచి ప్లగ్ (చిల్లు మూసే రబ్బరు పోగు) గుచ్చేసి నడిపించవచ్చు. రోలర్ మీద ఆ ప్లగ్ తోక ప్రతి చుట్టుకీ డ్రమ్ముకు కొట్టుకుంటుంది, వంగి వంగి కదులుతుంది, కొన్నాళ్లకు మళ్లీ కారుతుంది. మీకు ఎలాగూ లోపలి ముద్దలు తీయాలి. విప్పాక ఎండిన సీలెంట్‌ను వేళ్లతో పీకితే పొరలుగా ఊడొస్తుంది. తర్వాత టైరు లోపల వేలితో తడమకండి, పాత నూలు గుడ్డతో తుడుస్తూ పోండి. తుమ్మ ముల్లు మొన వెంట్రుకంత బయటికి వచ్చి ఉన్నా నూలు దానికి పట్టుకుంటుంది. అక్కడ ఆపి, బయటి నుంచి సన్నటి పట్టకారుతో లాగేయండి. చిల్లు చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, సీలెంట్ ఆనవాలు కూడా లేకుండా శుభ్రం చేసి, ట్యూబ్‌లెస్ టైరు లోపల వేసే ప్యాచ్ అతికించండి. ఈ శుభ్రం చేయడం దగ్గరే అందరూ తొందరపడతారు. సీలెంట్ రబ్బరు పాలు మిగిలితే ఏ సొల్యూషనూ పట్టదు. చిల్లు కాకుండా అర సెంటీమీటరు పైన కోత కనిపిస్తే ఆ టైరును బీఆర్ఎంకి తీసుకెళ్లే ఆలోచన మానుకోండి.

సీలెంట్ పోయించుకోమన్న షాపువాళ్ల సలహా ఇక్కడికి వచ్చాక సరైనదే. శుభ్రం చేశాక కొత్తది పోయాలి. పాత ముద్దల మీద ఇంకో సీసా పోస్తే బరువు పెరుగుతుంది, దబదబ పెరుగుతుంది, చిల్లు అలాగే ఉంటుంది. 28 టైరుకు 30 నుంచి 40 మిల్లీలీటర్లు చాలు. రబ్బరు పాలతో చేసే సీలెంట్ రెండు నుంచి ఆరు నెలలు పని చేస్తుందని సీసాల మీద రాస్తారు. విజయవాడ ఎండల్లో మీరు రెండు మూడు నెలలనే లెక్క పెట్టుకోండి. మీది ఎనిమిది నెలలనాటిది. డ్రమ్ము మీద ఇంకా తెల్లగా కారుతోందంటే కొంత తడి మిగిలి ఉంది, అది మీ అదృష్టం. ఎంత మిగిలిందో చూడాలంటే చక్రం ఊపి చెవి పెట్టండి, గలగలమంటే ఉన్నట్టు. ఇంకా కచ్చితంగా కావాలంటే గాలి తీసి, వాల్వ్‌ను కిందికి పెట్టి పది నిమిషాలాగి, కోర్ విప్పి ఆ గొట్టంలోంచి సన్నటి జిప్ టై టైరు అడుగు దాకా దించి తీయండి. కొన తడిసి వస్తే ఉంది, పొడిగా వస్తే లేదు.

స్కూటర్లకు పోసే చిక్కటి జెల్ మాత్రం ఎవరు చవకగా పోస్తామన్నా వద్దనండి. అది బరువైన టైర్ల కోసం చేసింది, సన్నటి చక్రంలో ఒక పక్కకు చేరి కుదుపుతుంది. మీ షాపువాళ్లు ఏది పోశారో కూడా ఒకసారి అడగండి. ఒక రకం మీద ఇంకో రకం కలపడమూ మంచిది కాదు, గడ్డలు కట్టే ప్రమాదముంది.

వేడి గురించి. ముప్పావుగంట తర్వాత టైరు గోరువెచ్చగా ఉండటం సహజం. అరచేయి ఆనించి ఐదు సెకన్లు ఉంచలేకపోతే ఎక్కువ వేడే. దానికి మొదటి కారణం గాలి తక్కువగా ఉండటం. మీ టైరు రాత్రే 40కి దిగుతోంది, తొక్కేటప్పుడూ డ్రమ్ము మీద కారుతోంది. 75 కొట్టి ఎక్కినా దిగేటప్పటికి ఎంత ఉందో ఎప్పుడైనా చూశారా? తొక్కడం ఆపగానే గేజి పెట్టి చూడండి. గాలి తగ్గిన టైరు డ్రమ్ము మీద లోతుగా వంగుతుంది, ఎంత వంగితే అంత వేడి, ఎంత వేడెక్కితే సీలెంట్ అంత తొందరగా ఎండుతుంది. కొందరు రోలర్ బరువుగా తిరగాలని కావాలనే గాలి తగ్గించి తొక్కుతారు. తొక్కడం కష్టమవుతుంది, నిజమే, కానీ ఆ కష్టంలో కొంత టైరును ఉడికించడానికే పోతుంది. బరువు కావాలంటే గేరు మార్చుకోండి.

రెండో కారణం గాలి ఆడకపోవడం. రోడ్డు మీద 30 వేగంలో వెళ్తుంటే టైరుకు ఎదురుగాలి తగిలి చల్లబడుతుంది. ఇంట్లో ఫ్యాను మీ ముఖానికి పెట్టుకుంటారు, పాపం వెనక టైరుకు ఎవరూ పెట్టరు. చిన్న టేబుల్ ఫ్యాను ఒకటి నేల మీద వెనక చక్రం వైపు తిప్పి ఉంచండి. ముప్పావుగంటకోసారి ఐదు నిమిషాలు దిగి నీళ్లు తాగితే మీకూ మంచిదే, టైరుకూ మంచిదే. పీఎస్ఐ ఎంత ఉండాలంటే, మీ బరువు రాయలేదు, 70-75 కిలోల మనిషికి 28 టైరులో రోడ్డుకు 65 దగ్గర చాలు. రోలర్ మీద గతుకులు ఉండవు కాబట్టి హుక్ ఉన్న రిమ్మైతే ఇంకో ఐదో పదో పెంచుకోవచ్చు, బయటికి వెళ్లేటప్పుడు తగ్గించుకోవాలి.

ఇక మీ మెకానిక్ మాట. ఇంట్లో ముళ్లు ఉండవు, గాజు పెంకులు ఉండవు. పంక్చర్ తనంతట తాను మూసుకోవడమే ట్యూబ్‌లెస్ వల్ల మనకొచ్చే పెద్ద లాభం, ఆ లాభం డ్రమ్ము మీద మీకు అక్కర్లేదు. మెత్తగా పోవడం రెండో లాభం, నున్నటి డ్రమ్ము మీద దానికీ పని లేదు. కాబట్టి ఎండలు తగ్గేదాకా సైకిల్ గుమ్మం దాటదనుకుంటే వెనక చక్రానికి మామూలు బ్యూటైల్ ట్యూబ్ వేసి తొక్కడంలో తప్పేమీ లేదు. మెకానిక్ అన్నది ఇంతవరకూ నిజం. హుక్‌లెస్ రిమ్మైతే ట్యూబ్ వేసినా ఆ 72.5 హద్దు మారదు, అది గుర్తుంచుకోండి.

అయితే 'వేసెయ్యండి' అన్నంత తేలిక కాదు. సీలెంట్ కింద దాక్కున్న ముళ్లన్నీ ఇప్పుడు ట్యూబుకు గుచ్చుకుంటాయి. ట్యూబ్‌లెస్ టైరులో ముల్లు అలాగే ఉండిపోయినా నెలల తరబడి నడుస్తుంది, ట్యూబ్ వేసిన రోజే అది పంక్చర్. నేను పైన చెప్పిన నూలు గుడ్డ పని దీనికీ తప్పదు. సీలెంట్ తడి మిగిలితే ట్యూబ్ టైరుకు అతుక్కుపోతుంది, కడిగి ఆరబెట్టి కొంచెం పౌడరు చల్లండి. ట్యూబ్‌లెస్ వాల్వ్ తీసి జాగ్రత్తగా దాచుకోండి, ఇక్కడ పోయినంత తేలిగ్గా మళ్లీ దొరకదు.

బీఆర్ఎం రోజున మాత్రం ట్యూబ్‌లెస్‌తోనే వెళ్లమంటాను. 200 కిలోమీటర్లకు మీకు దొరికేది పదమూడున్నర గంటలు. పల్లె రోడ్ల పక్కన తుమ్మచెట్లున్న చోట పంక్చర్లు వేసుకుంటూ కూర్చుంటే ఆ గంటలు ఇట్టే కరుగుతాయి. ఒక ట్యూబ్ సంచిలో ఎలాగూ ఉండాలి. మీ దగ్గర సైకిల్‌తో వచ్చిన పాత వెనక చక్రం అటక మీద ఉంటే అదే అన్నిటికన్నా మంచి దారి. దానికి పాత టైరు, ట్యూబ్ వేసి రోలర్‌కి కేటాయించండి. వెనక పళ్ల సెట్టు రెండిటికీ ఒకే రకమైతే గేర్లు మళ్లీ సెట్ చేసే పని కూడా ఉండదు. అసలు చక్రాన్ని శుభ్రం చేసి నీడలో ఉంచండి, సీలెంట్ మాత్రం బయటి ప్రాక్టీస్ మొదలుపెట్టే వారం ముందు పోయించండి. ఇప్పుడే పోయిస్తే ఎండాకాలం పోయేలోగా అది మళ్లీ ఎండిపోతుంది.

ఇవన్నీ తేలేదాకా గోడ పక్కనే, చెయ్యి అందేంత దూరంలో తొక్కండి. దెబ్బలు సీటుకు తెలుస్తుండగా వేగం పెంచొద్దు.

నేల మీది చుక్కలు తడిగా ఉండగా నీళ్ల గుడ్డతో పోతాయి. ఎండిపోతే గోటితో లేస్తాయి, టైల్స్ మీద మరక మిగలదు. బట్టల మీద పడితే మాత్రం ఆశ వదులుకోండి, రోలర్ ఎక్కేటప్పుడు పాత బట్టలే కట్టుకోండి.